మా అత్తయ్య ముక్కు

ఏమే అమ్మడూ, నీళ్ళు మరుగుతున్నాయా? అల్లం వేశావా? దంచి వెయ్యాలి, ముక్కలు కోసి పడేస్తే అది టీ కాదు, కషాయం. నువ్వే దగ్గరుండి వాసన చూడు తల్లీ, ఈ పాడు జలుబు పట్టుకున్న దగ్గర్నుంచీ నా ముక్కు ముక్కులా లేదు. ఆ ఫోను అవతల పెట్టు. ముక్కు అంటే మా అత్తయ్య గుర్తొస్తుంది నాకు. అదేనే, మీ తాతయ్య వాళ్ళమ్మ. నువ్వు చూళ్ళేదులే, అప్పటికి మీ నాన్నే పాకుతున్నాడు.

ఆవిడ టీ పెడితే వీధి వీధంతా ఘుమఘుమలు. కళ్ళు మూసుకుని, మూత కాస్త పక్కకి జరిపి, "అల్లం పచ్చివాసన పోయిందే, టీపొడి తే" అనేది. అలాంటావిడకి ఏదో మాయదారి జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ వాసన కూడా పట్టుకుపోయింది. మల్లెపూవూ, కిరసనాయిలూ ఒక్కటే అయిపోయాయి పాపం. ఒకరోజు టీలో లవంగాలు గుప్పెడు పోసేసింది. తాగినవాళ్ళం తాగినట్టే నాలుకలు మొద్దుబారి కూర్చున్నాం. మా మామయ్యగారైతే "అమ్మాయ్, నా నాలుక ఉందా?" అని నన్నడిగారు. పెళ్ళాన్ని అడక్క నిన్నెందుకడిగారంటావా? వాళ్ళిద్దరికీ మాటల్లేవు మరి! ఆయనది గడియారాలు బాగుచేసే పని. చుట్టాల ముందు ఈవిడ ఊరుకోక, "ఊళ్ళోవాళ్ళ గడియారాలన్నీ నడిపిస్తారు, మా గోడ గడియారం మాత్రం పెళ్ళినాటి నుంచీ ఆగే ఉంది" అంది. ఆయనకసలే ముక్కు మీద కోపం. అంతే, ఎడమొహం పెడమొహం. "అమ్మాయ్, నా కళ్ళజోడు ఎక్కడ పెట్టిందో మీ అత్తయ్యని అడుగు." "అమ్మాయ్, నెత్తి మీదే ఉందని చెప్పు." ఎదురుబొదురుగా కూర్చునే! వాళ్ళ మధ్య నేను తిరగలిలో గింజనైపోయాను. నవ్వకే, నీకూ పెళ్ళవుతుంది.

పైకి బింకమే కానీ, అత్తయ్యకి లోపల బెంగ. "ఈ మనిషి ఇక నాతో మాట్లాడకుండానే పోతారేమోనే" అని నా దగ్గర కళ్ళొత్తుకునేది. మామయ్యగారికేమో టీ బెంగ. చివరికి ఆ టీయే ఆయన్ని వంటింటి గడప దాకా లాక్కొచ్చింది. లోపలికి రారు, అక్కడే నిలబడి గాలి పీలుస్తారు. ఒక దగ్గు దగ్గితే అల్లం మరిగింది, టీపొడి వెయ్యమని. ఇంకోటి దగ్గితే పాలు. మళ్ళీ దగ్గితే ఏలకుల పొడి చిటికెడు. మాట మాత్రం లేదు, రైలుకి జెండా ఊపినట్టు అన్నీ దగ్గులే. అయినా టీ మాత్రం, చెప్పొద్దూ, బ్రహ్మాండం.

ఇలా ఉండగా ఆయనకి నిజం దగ్గొచ్చింది. ఇక చూడు! ఆయన ఖళ్ అంటే ఈవిడ చిటికెడు ఏలకుల పొడి. ఖళ్ ఖళ్... చిటికెడు, ఇంకో చిటికెడు. ఆయన అక్కణ్ణుంచి చేతులూపుతున్నారు, ఈవిడ వెనక్కి తిరిగితేగా! డబ్బా అడుగు కనిపించేసరికి ఆయన ఒక్క గెంతులో గడప దాటి, "చాలు, ఇక ఆపవే మహాతల్లీ!" అని ఆవిడ చెయ్యి పట్టేసుకున్నారు. అత్తయ్య ఏమందో తెలుసా? "అమ్మాయ్, ఆయన ఈ మాట నాతోనే అన్నారా, నీతోనా?" అంది. నేను నవ్వాపుకోలేక పెరట్లోకి పరుగు. ఆ మర్నాటి నుంచీ ఆయన పొయ్యి పక్కనే పీట వేసుకుని కూర్చునేవారు. అల్లం వాసన చెప్పడం ఒక వంతు, కబుర్లు మూడు వంతులు. పోయేదాకా అలాగే కూర్చున్నారు.

ఆయన పోయిన కొన్నాళ్ళకి అత్తయ్య మళ్ళీ టీ పెట్టింది. వాసన చెప్పడానికి ఆయన ముక్కు లేదు కదా, భయపడుతూ గుక్క తాగాను. అల్లం, లవంగం, ఏలకులు అన్నీ ఎంతకంతే. "అత్తయ్యా, మీకు వాసన వస్తోందా?" అన్నాను. "ఎప్పుడో వచ్చిందే పిచ్చిదానా! ఆయనకి దగ్గు పట్టకముందే వచ్చింది. ఆ రోజు ఏలకుల ఘాటుకి నా కళ్ళల్లోనే నీళ్ళు తిరిగాయి" అంది. "మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?" అన్నాను. ఆ ఖాళీ పీట వైపు చూసి, "చెబితే ఆయన వంటింట్లోకి ఎందుకొస్తారే?" అంది.

ఏమే, పాలు అడుగంటుతున్నాయి! మాడు వాసనొస్తోంది, మంట తగ్గించు! ఏమిటలా చూస్తావు? జలుబా? ఏ జలుబు... ఆఁ... అదీ... చాల్లే, నవ్వింది చాలు, గ్లాసులు తే.