అమ్మకు తెచ్చిన చామంతులు

సమాధుల పండుగకని చామంతులతో వచ్చిన ఓరియెట్టాను తమ్ముడు ఊళ్ళోని, ఎట్రుస్కన్లనే ప్రాచీన జాతివాళ్ళ మ్యూజియంలోకి తీసుకెళ్ళాడు.

"అమ్మ దగ్గరికి వెళ్దామంటే ఇక్కడికి తెచ్చావేంట్రా?"

"ఈ మట్టిబొమ్మ చూడక్కా. మోచెయ్యి దిండుకానించి, భోజనాలయ్యాక అమ్మ వాలినట్టే లేదూ? ఈవిడ అస్థికల పెట్టె మీది మూతట. రెండున్నర వేల ఏళ్ళ నాటిది."

"మాట మార్చకు. అమ్మ సమాధికి ఏమైంది?"

"ఆ స్థలానికి అద్దె కట్టిన ముప్పై ఏళ్ళ గడువు వేసవిలోనే అయిపోయింది. మునిసిపాలిటీవాళ్ళు తవ్వేశారు. నువ్వు పొడిగిస్తావనుకున్నా."

"ఊళ్ళో ఉన్నది నువ్వు!"

"పెద్దదానివి నువ్వు."

"మరి ఎముకలు?"

"అందరివీ కలిపి పోసే గోతిలో."

ఓరియెట్టా చామంతుల్ని ఆ మట్టిబొమ్మ ఉన్న అద్దాల పెట్టె ముందు పెట్టింది.

"ఇక్కడ పూలు పెట్టనివ్వరక్కా."

"వచ్చి అడగనీ. ఎవరి అమ్మో గానీ, ఈవిడ ఎక్కడుందో తెలుస్తోంది."