ఫేబీ గారు ఇవ్వని మందు

సభకు వచ్చిన పెద్దలకు, విద్యార్థులకు, సముద్రపు ఒడ్డు నుంచి ఆటోలు కట్టుకొని వచ్చిన అన్నలకు, అక్కలకు నమస్కారం. హెన్రీ గారూ, మీ ఎదురుగా నిలబడి మీ భార్య ఫేబీ గారి గురించి ‘ఉండేవారు’ అనడానికి నాకు నోరు రావడం లేదు. పోయిన గురువారం పాఠం చెప్పి వచ్చి స్టాఫ్ రూములో కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు. గుండెపోటు. పక్క కుర్చీలో ఉన్నది నేనే.

మన కావలి కాలేజీలో ఆవిడ మైక్రోబయాలజీ, నేను కెమిస్ట్రీ. ఆవిడ పనంతా బూజుతోనే. ఉప్పు మడుల మట్టి తెచ్చి, అందులోని బూజును పెంచి, దానికి తిండితో పాటు స్టెరాయిడ్ పెట్టేవారు. బూజు ఆ స్టెరాయిడ్‌ను మార్చి వేరే పదార్థంగా చేస్తుంది. “మనం నెలలు తంటాలు పడినా చేయలేని మార్పు, ఇది తిని కూర్చొని చేస్తుంది సుభాషిణీ” అని నవ్వేవారు.

ఎందుకీ తాపత్రయం? మందులకు లొంగని బాక్టీరియాను చంపే మందు కోసం. ఆ బాక్టీరియాను మొండిగా చేసిందెవరు? మనమే. జలుబు చేస్తే షాపులో యాంటీబయాటిక్స్ అడిగి మింగుతాం. రొయ్యల గుంటల్లో కుమ్మరిస్తాం. ఈ మాట రైతుల మీటింగులో అన్నందుకు ఆవిడ చేతిలో మైకు లాక్కున్నారు. ఆవిడ స్టేజీ దిగి, వాళ్ళ మధ్యకు వెళ్ళి, మిగతాది గొంతెత్తి చెప్పారు.

చివరికి ఆ బూజు చేసిన ఒక కొత్త పదార్థం గాజు పళ్ళెంలో ఆ మొండి బాక్టీరియాను చంపింది. పేపర్లో వచ్చింది. అదే మాలకొండమ్మ అక్కను మా ల్యాబుకు తెచ్చింది. ఆమె భర్త పెంచలయ్యన్నకు చేపల వేట దగ్గర ఆల్చిప్ప కోసుకొని కాలు చీము పట్టింది. ఏ మందూ పని చేయడం లేదని ఆస్పత్రిలో చెప్పేశారు. “మీ కాడ మందుందంట. ఒక్క సూది ఇయ్యమ్మా. ఎట్టాగూ పోతాడంటున్నారు గదా” అని కాళ్ళు పట్టుకుంది.

ఫేబీ గారు ఆమెను లేపి పక్కన కూర్చోబెట్టుకున్నారు. “అది ఇంకా మందు కాలేదక్కా. పళ్ళెంలో క్రిమిని చంపింది. మనిషిని చంపదని నాకు తెలీదు. నేను ఇయ్యలేను.”

ఇవ్వలేదు. తెలిసిన డాక్టర్లందరికీ ఫోన్లు చేసి, అంబులెన్సులో తానే వెంట కూర్చొని అతన్ని చెన్నై తీసుకెళ్ళారు. పెంచలయ్యన్న దక్కలేదు.

మిత్రులారా, ఇచ్చి ఉంటే బతికేవాడా? నాకు తెలియదు. ఆవిడకూ తెలియదు. ఆ తర్వాత ఆవిడ ఆ పదార్థం మనిషి రక్తకణాలకు ఏం చేస్తుందో చూసే పరీక్షల్లోనే మునిగిపోయారు. అవి సగంలో ఉన్నాయి. మేము సాగిస్తాం. ఫలితం ఎటు వచ్చినా వినడానికి ఆవిడ లేరు. నన్ను తొలిచేస్తున్నది అదే.

మాలకొండమ్మ అక్క ఈ సభలోనే ఉన్నారు. ఇందాక గేటు దగ్గర, కోపం పోయిందా అక్కా అని అడిగాను. “పోలా. పోదు. మా ఆయన్ని ఎత్తేటప్పుడు అందరూ తిడతా ఉంటే కూడా ఆమె కదలకుండా నిలబడింది. ఆమెను సాగనంపేదానికి నేను రాకుండా ఎట్టా ఉంటా?” అన్నారు.

దీన్ని క్షమ అని పిలిచే హక్కు నాకు లేదు.

దయచేసి అందరూ లేవండి. ఫేబీ గారిని, పెంచలయ్యన్నను ఇద్దరినీ తలచుకుంటూ కాసేపు మాటలు ఆపుదాం.