మేనేజరు గారితో మెలగడం ఎలా

హోటళ్ల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీ. మధ్యాహ్నం మూడు కావస్తోంది. మేనేజరు రేపటి ఉపన్యాసాన్ని షిఫ్టు సూపర్‌వైజరుకు చదివి వినిపిస్తున్నాడు.

“…కాబట్టి, తొమ్మిది దేశాల మనుషుల్ని ఒక్క తాటి మీద నడిపించిన నా రహస్యం ఏమిటంటే... ఏమ్మా, నవ్వుతున్నావా?”

“లేదు సార్, దగ్గొచ్చింది.”

“దగ్గుకి పళ్లు కనిపించవు. చెప్పు, ఎక్కడ బాగాలేదు?”

“అంతా బాగుంది సార్. ఆ టీ ముక్క ఒక్కటీ తీసేస్తే...”

“అసలు ముక్క అదే కదా! మిగతావన్నీ నేను బోర్లా పడ్డవేగా. బాయిలర్ చూసే ఆయన దేశంలో పెద్దవాళ్ల కళ్లలోకి చూడరని ఎక్కడో చదివి, మూడు నెలలు ఆయన బూట్లతో మాట్లాడాను.”

“ఆయన కొత్త జత కొనుక్కున్నారు సార్. పాతవి మీకు నచ్చలేదనుకుని.”

“అయ్యో! ఇస్త్రీ పెద్దాయన్ని పొగిడి, అందరిచేతా చప్పట్లు కొట్టిస్తే...”

“రెండు రోజులు పనికి రాలేదు. ఒక్కణ్ణి పొగిడితే మిగతావాళ్లని తిట్టినట్టట వాళ్లలో.”

“చూశావా! నాకు కలిసొచ్చింది ఒక్క టీయే. తలుపు తీసి ఉంచుతా, రెండో కప్పు పోసి ఉంచుతా. పిలవకుండానే రోజుకొకరు వచ్చి కూర్చుంటారు. నాలుగేళ్లుగా ఒక్క రోజూ తప్పలేదు! రేపు ఇది పైవాళ్లకి నచ్చితే నన్ను హెడ్డాఫీసుకి తీసుకెళ్లి, మేనేజర్లందరికీ పంతుల్ని చేస్తారట. ఉండు, మూడయింది, పోస్తాను. ఇవాళ ఇంకా ఎవరూ రాలేదేం?”

“సార్, రేపు మనవాళ్లు నలుగురు ముందు వరసలో కూర్చుంటారు. అందుకే... ముందు ఇది చూడండి.”

“ఏమిటీ నోటుబుక్కు? ‘కొత్తగా చేరినవాళ్లకు: మేనేజరు గారితో మెలగడం ఎలా.’ ఎవరు రాశారిది?”

“తలా ఒక ముక్క సార్.”

“‘ఆయన చూద్దాం అంటే కుదరదని. తప్పకుండా చూద్దాం అంటే అస్సలు కుదరదని.’ ఓరి నాయనో! ‘ఆయన కొత్త పుస్తకం చదివిన వారం ఎవరూ కంగారుపడొద్దు. దానంతటదే తగ్గిపోతుంది.’ నేను మేనేజర్నా, జ్వరాన్నా?”

“అది బాయిలర్ ఆయన రాశారు సార్.”

“రాయడూ మరి! తొమ్మిది దేశాల్ని నేను చదివాననుకుంటుంటే, తొమ్మిదీ కలిసి నన్ను చదివేశాయన్నమాట. ఈ పట్టీ ఏమిటి? సోమవారం బాయిలర్, మంగళవారం మడతల అమ్మాయి, బుధవారం వ్యాన్ డ్రైవరు...”

“అది వద్దు సార్, పేజీ తిప్పేయండి.”

“‘మూడింటికి టీ.’ వంతులా? నా దగ్గర టీ తాగడానికి వంతులేసుకున్నారా? అంత ఘోరమా నా టీ?”

“బాగానే ఉంటుంది సార్. ఆ ఒక్కసారే, చక్కెర బదులు ఉప్పు...”

“ఆ వేళ డ్రైవరు రెండు గుక్కల్లో తాగేశాడే!”

“ఆయన వంతు కదా.”

“ఎందుకమ్మా ఈ శిక్ష? నేనేమైనా బలవంతపెట్టానా? ఎవరైనా వస్తారేమోనని ఓ కప్పు పోస్తాను, అంతేగా!”

“అందుకు కాదు సార్ మీరు పోసేది. ఎవరూ రాకముందు నుంచే రెండు పోస్తున్నారు.”

“ఎప్పట్నుంచి?”

“కుట్టు సెక్షన్ నుంచి మేడం, మీ ఇంటావిడ, మూడింటికి టీకి వచ్చేవారుగా. ఆవిడ పోయాక మీరు మళ్లీ పనిలోకి వచ్చిన రోజు కూడా రెండు పోశారు. ఐదింటికి ఆ నిండు కప్పు మీరే తీసుకెళ్లి పారబోసి కడుక్కోవడం ఇస్త్రీ పెద్దాయన చూశారు. ఆ పేజీలో అడుగున ఉంది చూడండి, ఆయన మాటే.”

“‘ఎవరు సెలవు పెట్టినా సరే, రెండో కప్పు చల్లారకూడదు.’”

“అప్పట్నుంచే సార్ ఈ వంతులు.”

“చప్పట్లు కొట్టించి నొప్పించిన నన్నా, ఆయన ఇలా చూసుకున్నది...”

“రేపు ఏం చెప్తారు సార్?”

“బూట్ల సంగతి చెప్తాను. టీ కొట్టేస్తున్నా.”

“మరి హెడ్డాఫీసుకి వెళ్లడం?”

“తప్పకుండా చూద్దాం.”

“సార్!”

“ఇంతకీ ఇవాళ ఎవరి వంతు?”

“నాదే సార్. కప్పు ఇటివ్వండి, చల్లారిపోతోంది.”