ఆవిడ కష్టం నువ్వు చెప్పు

సభకు పెద్దగా కూర్చున్న డాక్టరు గారికి, వార్డుల నుంచి వచ్చిన నర్సమ్మలకు, మా లాండ్రీ అన్నదమ్ములకు, నేనెక్కడ తడబడతానోనని నాకంటే ఎక్కువ కంగారుపడుతున్న మా ఇంటావిడకు నమస్కారం. (నవ్వులు)

నాకు మాటలు తక్కువ. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే మెషిన్ల మోతలో మాట్లాడినా ఎవరికి వినపడుతుంది గనుక! అయినా నేను రిటైరవుతున్న రోజు కదా, ఇవాళ మాట్లాడతాను. హాలు చూస్తున్నాను కదా, నర్సులంతా కిటికీల వైపు, మావాళ్ళంతా గోడ వైపు, మధ్యలో బట్టల బండి తోసుకుపోయేంత దారి. దుప్పట్లు అందడం లేదని పోయిన వారం జరిగిన గొడవ నాకు తెలుసు. నేను వెళ్ళాక కూడా ఇది ఇలాగే ఉంటే ఇంట్లో నాకు అన్నం సహించదు.

ఇలాంటి గొడవే మునుపూ ఒకటి జరిగింది. మేం ఒళ్ళు వంచడం లేదని పైన వార్డుల్లో అనేవారు, మమ్మల్ని మనుషుల్లా చూడరని కింద మేమనేవాళ్ళం. అప్పుడు పెద్ద నర్సమ్మ, ముందు వరసలో కూర్చుని నన్ను చెప్పొద్దని సైగ చేస్తున్నారే, ఆవిడే, మెట్లు దిగి మా గదికి వచ్చారు. పోట్లాటకేనని మావాళ్ళు చేతులు తుడుచుకుని నిలబడ్డారు. ఆవిడ మాత్రం, "మీకు రక్తమంటే భయం లేదు. మేం మరిచిపోయిన సూది మూటలో ఎక్కడ గుచ్చుకుంటుందోనని భయం. అందుకే ఒక్కో దుప్పటీ మెల్లగా విప్పుతున్నారు. అవునా, కాదా?" అన్నారు.

ఆ మాట మేం ఇళ్ళల్లో కూడా చెప్పుకోలేదు. "ఎలా తెలిసిందమ్మా?" అన్నాను.

"మూట విప్పేటప్పుడు మీ చేతులు చూశానయ్యా."

మెషిన్లు పెరగలేదు, మనుషులు పెరగలేదు. కానీ ఆ సాయంత్రం మావాళ్ళు ఎవరూ చెప్పకుండానే డ్యూటీ అయ్యాక కూడా ఆగి, దుప్పట్లన్నీ ఇస్త్రీ చేసి భుజాన వేసుకుని పైకి మోశారు. మమ్మల్ని మెచ్చుకోనక్కర్లేదండీ. మా బాధేమిటో అవతలివాళ్ళకు తెలుసనిపిస్తే చాలు, సగం కోపం అక్కడే దిగిపోతుంది.

డాక్టరు గారూ, ఒక్క నిమిషం. నా చోటికి వస్తున్నవాడు, బట్టలారబెట్టే మా తమ్ముడు, చేతులు కట్టుకుని వెనక వరసలో కూర్చున్నాడు. ఒరేయ్, లే. పిల్లల వార్డు నర్సమ్మతో గొడవపడింది నువ్వే కదా! క్షమాపణ అడగొద్దు. నీ గోడు చెప్పొద్దు. ఆవిడ కష్టం చెప్పు, అందరూ వినేట్టు.

(అతను లేచాడు.)

"ఇరికించావు కదన్నా... దుప్పటి రాకపోతే పిల్లల తల్లులు ఈవిణ్ణే తిడతారు. మమ్మల్ని కాదు."

ఏమ్మా, పిల్లల వార్డు నర్సమ్మా, సరిగ్గా చెప్పాడా?

"తిడితే పడతాం తమ్ముడూ. వాళ్ళు తిట్టరు. ఒంటిమీది శాలువా తీసి పిల్లాడికి పరిచి, వాళ్ళు వణుకుతూ కూర్చుంటారు. అది చూడలేకే నీమీద అరిచాను."

"అది నాకు తెలియదక్కా."



చూశారా, వాడు సగమే చెప్పాడు. అయినా ఆవిడ మిగతా సగం చెప్పింది. ఇక వంతు ఆవిడది. ఇక్కడ కాదమ్మా, రేపు కిందికి వెళ్ళి, ఆ మెషిన్ల వేడిలో నిలబడి వాడి కష్టం నువ్వు చెప్పు. తప్పు చెప్పినా వాడే దిద్దుతాడు. అక్కడ నేనుండక్కర్లేదు, మీరిద్దరూ చాలు.

నన్ను ఇన్నాళ్ళు భరించినందుకు అందరికీ కృతజ్ఞతలు. నిశ్చింతగా వెళుతున్నాను. సెలవు.