ఈజీలో పెట్టిన ఆట

కుడిచేతికి ఇంకా పట్టు చిక్కని వదిన ముందు మరిది కంప్యూటర్‌లో పాత ఆటొకటి తెరిచాడు.

“ఇన్ని కొత్త ఆటలుండగా ఈ పాతదే ఎందుకు?”

“కథ బాగుంటుంది వదినా. వంతులవారీగా కొట్టుకోవాలి. నువ్వు దెబ్బ వేసేదాకా రాక్షసుడు కదలడు.”

“అంటే నా చెయ్యి వణికినా ఆగుతాడన్నమాట. మీ అన్నయ్య ఇది ఆడించమన్నారా?”

“అబ్బే, లేదు.”

“డాక్టరా?”

“ఎవరూ కాదు. ఇది నాకిష్టమైన ఆట, అంతే.”

“కాకమ్మ కథలు చెప్పకు. నువ్వు ఏ లెవెల్లో ఆడతావ్?”

“హార్డ్‌లో.”

“మరి ఇక్కడ మూలన ఈజీ అని ఉందేం?”

మరిది తల గోక్కున్నాడు.

“మార్చు. ఇంట్లో మీరంతా జాలిపడింది చాలు. ఆ రాక్షసుడినైనా నన్ను సరిగ్గా కొట్టనీ.”