దొర్లించి చూసిన కర్ర

చంద్రపూర్‌లో పూల్ ఆటలో బంతుల్ని కొట్టే క్యూ కర్రలు చేసే ఉస్తాద్, తన దగ్గర పదేళ్లు పని నేర్చుకుని వేరుపడ్డ శిష్యుడి దుకాణానికి మొదటిసారి వచ్చాడు. బల్లార్‌పూర్ క్లబ్బువాళ్లు ఈసారి పని అతనికే ఇచ్చారని విన్నప్పటి నుంచి ఆయన కడుపు మండుతూనే ఉంది.

"క్లబ్బోళ్ల కర్ర గిదేనా? గింత పొట్టిగున్నదేంది?"

"అడ్డమున్న బంతి మీదికెళ్లి మన బంతిని దుంకించేటిది ఉస్తాద్. కేబుల్ టీవీల చూసి అడుగుతుండ్రు. పొట్టిగ, తేలిగ్గ ఉంటెనే బంతి లేస్తది."

"చెక్క యాడిది?"

"పొట్టిదని మీరు పారేసిన టేకు ముక్కనే. రెండు వానాకాలాలు అటక మీద ఆరబెట్టి, కొంచెం కొంచెం చెక్కిన."

ఉస్తాద్ కర్రను బల్ల మీద దొర్లించాడు. వంకరుంటే దొర్లేటప్పుడు కొస ఎగరాలి; ఇది ఎక్కడా వెంట్రుకంత కూడా లేవలేదు. మళ్లీ దొర్లించాడు. అంతే.

"వంకరున్నది."

"నాకైతె కనిపిస్తలేదు..."

"నా కన్ను కంటె నీ కన్ను ఎక్కువైందా?"

"లేదు ఉస్తాద్. మీరంటె వంకరే."

శిష్యుడు కర్రను మోకాలికి ఆనించి రెండు చేతులా బిగించాడు.

"ఏం చేస్తున్నవ్?"

"వంకర కర్ర దుకాణం దాటొద్దని నేర్పింది మీరే గద. నేను చేసినయి ఎన్ని విరగ్గొట్టిండ్రు నా కండ్ల ముందట!"

కర్ర సన్నగా కిర్రుమంది. ఉస్తాద్ ఒక్క ఉదుటున వచ్చి దాన్ని లాక్కున్నాడు. పసిపిల్లను తడిమినట్టు కొస నుంచి పిడి దాకా తడిమి చూసుకున్నాడు.

"ఆగు బే!" అన్నాడు, తల ఎత్తకుండానే. "నీ బల్ల వంకరున్నది."