ప్రధానికి తగిన జబ్బు

ఏప్రిల్ మూడో తేదీ ఉదయం వార్సాలో, ప్రధానమంత్రి గదిలో ఇద్దరే ఉన్నారు: ప్రధాని, పార్టీ కేంద్ర కమిటీ పంపగా వచ్చిన ఆయన పాత సహచరుడు. ఈస్టర్ ముందు పంది మాంసం ధర పెంచినందుకు ఓడరేవుల్లో సమ్మె మొదలైంది. బల్ల మీద రాజీనామా పత్రం ఉంది.

“అనారోగ్య కారణాల వల్ల అని రాశారు. నాకేం జబ్బయ్యా?”

“గుండె అనుకున్నాం, కామ్రేడ్ ప్రధానీ.”

“మా ఆవిడ లుద్వికా గుండె డాక్టరు. పోయిన నెలే చూసి, గుండ్రాయిలా ఉన్నావంది.”

“పోనీ, కిడ్నీలు?”

“కిడ్నీలు మొన్న దింపేసిన బొగ్గు మంత్రికి ఇచ్చేశారుగా. ఒకే ఏడాది ఇద్దరికీ అదే జబ్బంటే జనం నవ్వరూ?”

“మాంసం క్యూల్లో ఎలాగూ నవ్వుతున్నారు. కాలేయం పెట్టుకోండి.”

“తాగుబోతునంటారు. అసలు ధర పెంచాలన్నది మీరంతా. టీవీలో చదివింది నేను. జబ్బూ వద్దు, గిబ్బూ వద్దు, ఆ మాటే రాసిస్తాను.”

“రాయండి. అప్పుడు మీది జబ్బు కాదు, తప్పు అవుతుంది. తప్పు చేసినవాడికి ఇల్లుండదు, పింఛనుండదు, లుద్వికాగారికి ఆసుపత్రిలో ఉద్యోగమూ ఉండదు. జబ్బు మనిషినైతే రేపు ఎక్కడికైనా రాయబారిగా పంపొచ్చు.”

ప్రధాని పెన్ను మూత తీశాడు.

“కడుపులో పుండు అని వేసుకో. ఎప్పటికి తగ్గుతుంది?”

“కమిటీ ఇంకా తేల్చలేదు.”

ప్రధాని సంతకం చేశాడు.

“లేచేటప్పుడు కాస్త పొట్ట పట్టుకో, బయట ఫొటోగ్రాఫర్ ఉన్నాడు,” అంటూ సహచరుడు కాగితాన్ని మడిచి, కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.